పొగను కంప్యూటర్లో మాయం చేయడం ఎలా?

అంతర్వేదిలో ఓ వంటింట్లో పుట్టిన పొగ ఎటు తిరిగి ఎటు పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టి చూపించే పని మీ నెత్తిన పడిందనుకోండి. ఎంటెక్ ప్రాజెక్టు కావచ్చు, ఏదో స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన కాంట్రాక్టు కావచ్చు, పై అధికారికి పుట్టిన ముచ్చట కావచ్చు. ఈ పని రెండు రకాలుగా చేయొచ్చు. పొగ నిజంగా ఎటు పోతోందో కనిపెట్టడం ఒకటి. అది కష్టం, పైగా కళ్లు మండుతాయి. తెర మీద పొగను పోగొట్టి, ఇంట్లో పొగను ఇంట్లోనే వదిలేయడం రెండోది. ఇక్కడ చెప్పబోయేదంతా ఈ రెండోదాని గురించే. మొదటిదానికి లావుపాటి పుస్తకాలున్నాయి. అవి చదివే తీరిక మీకు లేదు కాబట్టే ఇక్కడిదాకా వచ్చారు.

ఊరికి వెళ్లకండి

నరసాపురం వెళ్లి, పంటు ఎక్కి వశిష్ఠ గోదారి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి, ఆటో మాట్లాడుకుని... ఎందుకొచ్చిన ఆయాసం? ఇంటి ప్లాను వాట్సాప్‌లో తెప్పించుకోండి. ప్లాను లేదంటే గది కొలతలు ఫోన్లో అడగండి. ‘పదికి పన్నెండు’ అంటారు. ఏ గది అడిగినా అదే అంటారు. రాసేసుకోండి.

వెళ్తే ఏమవుతుందో చెబుతాను. ప్లానులో ఉన్న వంటగదిలో గ్రానైటు గట్టు, గట్టు మీద తళతళలాడే గ్యాసు పొయ్యి కనిపిస్తాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే పెరట్లో ప్లానులో లేని రేకుల వంటపాక కనిపిస్తుంది. అందులో మామ్మగారు పీట మీద కూర్చుని కొబ్బరి డొక్కల పొయ్యి రాజేస్తూ ఉంటారు. తడి డొక్క పెట్టగానే మంట రాదు. ముందు చిక్కటి తెల్లటి పొగ పొయ్యి నోట్లోంచే కాక పక్క సందుల్లోంచి కూడా కారుతుంది. అప్పుడు ఊదుగొట్టం, ఆ తర్వాత మంట. ఆ మధ్యలో ఆవిడ తల పక్కకు తిప్పి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎడం చేత్తో దక్షిణం వైపు తలుపును దగ్గరికి లాగుతారు. పూర్తిగా మూయరు. జానెడు సందు ఉంచుతారు.

మీకు నోరు ఊరుకోదు. “తలుపెందుకు లాగారు మామ్మగారూ?” అంటారు.

“పైరగాలి మళ్లింది కదు బాబూ. బార్లా తీత్తే పొగంతా నట్టింట్లోకి తోసేత్తది.”

మీ పని అయిపోయినట్టే. ఆ ఒక్క మాటలో గాలి దిశ ఉంది, వేళ ఉంది, తలుపు ఎంత తెరిస్తే పొగ ఏ గదిలోకి పోతుందన్న లెక్క ఉంది. మీరు మూడు నెలలు కూర్చుని చేయబోయే పని ఆవిడ ఊదుగొట్టం కింద పెట్టకుండా చెప్పేశారు. ఇలాంటివి చెవిన పడ్డాక మనస్ఫూర్తిగా తప్పు చేయడం కష్టం. అందుకే వెళ్లొద్దంటున్నాను.

గది ఒక డబ్బా

మోడళ్లలో అన్నిటికంటే సులువైంది ఒకే డబ్బా పద్ధతి. గదిలో పొగ మూలమూలకూ సమంగా కలిసిపోయిందనుకుంటారు. గంటకు పొయ్యి వదిలే ధూళిని, గంటలో గదిలోకి వచ్చిపోయే గాలితో భాగిస్తారు. అంతే. సెల్‌ఫోన్లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు. (కానీ రిపోర్టులో దీన్ని కనీసం రెండు పేజీలకు సాగదీయాలి.)

గది 30 ఘనమీటర్లనుకుందాం. పొయ్యి నిమిషానికి 30 మిల్లీగ్రాముల సన్నధూళి, అదే పేపర్లలో పీఎం 2.5 అని రాసేది, వదులుతోందనుకుందాం. గదిలో గాలి గంటకు 5 సార్లు మారితే ఘనమీటరుకు 12,000 మైక్రోగ్రాముల దగ్గర నిలుస్తుంది. ఈ అంకె చూస్తే మీ అధికారి కుర్చీలో సర్దుకుంటాడు. కంగారు పడకండి. 5 చెరిపేసి 20 వేయండి. 3,000కి దిగింది. ఒక్క కిటికీ తెరవలేదు, ఒక్క పెంకు తీయలేదు, గోడకు కన్నమైనా పెట్టలేదు. ముప్పావు వంతు పొగ పోయింది. ఈ 20 ఎక్కడిదని ఎవరైనా అడిగితే, పాత పరిశోధనల్లో ఉందని చెప్పండి. ఉంటుంది కూడా. పల్లెటూళ్ల వంటిళ్లలో గాలి మార్పు ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ ఎక్కడా పొంతన ఉండదు కాబట్టి, మీకు ఏ అంకె కావాలన్నా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కొలిచే ఉంటారు.

ఇదే డబ్బా లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వాడింది, 2014లో వంటింటి గాలి మీద మార్గదర్శకాలు రాసినప్పుడు. కాకపోతే వాళ్లకు మనకున్నంత తెగువ లేదు. గది సైజు ఇంత, గాలి మార్పు ఇంత అని ఒక అంకె పట్టుకుని కూర్చోకుండా, ఇల్లిల్లూ వేరే కదా అని ఆ విలువలను మార్చి మార్చి వేలసార్లు లెక్క వేయించారు. చివరికి పొగగొట్టం లేని పొయ్యి నిమిషానికి 0.23 మిల్లీగ్రాములు మించకూడదనీ, గొట్టం ఉంటే 0.80 దాకా ఫరవాలేదనీ తేల్చారు. మన పొయ్యి 30 అనుకున్నాం కదా. 30, 0.23 ఒకే పేజీలో పడకుండా చూసుకోండి. ఒకటి అనుబంధంలో వేస్తే మంచిది.

3,000 కూడా ఎక్కువనిపిస్తే సగటు ఉండనే ఉంది. వంట రోజుకు మూడు గంటలేగా. మిగతా 21 గంటలు గాలి నిర్మలంగా ఉంటుందనుకుని రోజంతటికీ పరిస్తే 375 వస్తుంది. ఇంకా దించాలా? ఇంట్లో వాళ్లందరికీ పంచండి. మామ్మగారు, తోటకెళ్లిన కొడుకు, కోడలు, బడికెళ్లిన ఇద్దరు మనవలు కలిపి ఐదుగురు. తలా 75. కువైట్‌లో ఉన్న పెద్దబ్బాయి పేరు కూడా కార్డులో ఉంది కాబట్టి ఆయన్నీ కలుపుకోండి. 62న్నర. బయటి గాలికి మన దేశంలో పెట్టుకున్న రోజువారీ ప్రమాణం 60. చూశారా, దాదాపు వచ్చేశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన రోజువారీ ప్రమాణాన్ని 15కి దించింది కానీ, వాళ్ల గోల మనకెందుకు. దేశవాళీ ప్రమాణమే వాడండి, స్వదేశాభిమానం కూడా కలిసొస్తుంది.

పొగ పైకి లేస్తుందన్న సంగతి మర్చిపోండి

డబ్బా పద్ధతిలో ఉన్న పెద్ద సుఖం ఇదే. అందులో పైన, కింద అనేవి లేవు.

వంటింట్లో ఉన్నాయి. వేడి పొగ నిటారుగా లేచి, కప్పు కింద పొరలా పరుచుకుని, అక్కణ్ణించి కిందికి మందమవుతూ వస్తుంది. ఆ పొర అడుగు ఎంత ఎత్తులో ఆగిందన్నదే అసలు ప్రశ్న. పీట మీద కూర్చున్న మనిషి ముక్కు నేలకు రెండున్నర అడుగుల పైన ఉంటుంది. అదే మనిషి గట్టు ముందు నిలబడితే నాలుగున్నర దాటుతుంది. పొయ్యి అదే, డొక్కలు అవే. ‘పాపం మామ్మగారికి మోకాళ్ల నొప్పులు’ అని పొయ్యిని గట్టెక్కిస్తే, మోకాళ్లు బాగుపడతాయి, తల మాత్రం పొరలో దూరుతుంది. డబ్బా లెక్కలో కూర్చున్నా నిలబడ్డా ఒకటే అంకె. కాబట్టి గట్టు కట్టించమని నిర్భయంగా సిఫార్సు చేయండి.

1990లో కేంబ్రిడ్జిలో లిండెన్, లేన్-సెర్ఫ్, స్మీడ్ అనే ముగ్గురు ఈ పొర సంగతి తేల్చి మనలాంటి వాళ్ల నోట మట్టి కొట్టారు. కింద ఒక కన్నం, పైన ఒక కన్నం ఉన్న గదిలో వేడి పొర ఎక్కడ ఆగుతుందన్నది మంట చిన్నదా పెద్దదా అన్నదాని మీద ఆధారపడదట. కన్నాలు ఎంతెంత ఉన్నాయి, గది ఎంత ఎత్తు అన్నదే లెక్కట. మంట పెంచితే పొర ఇంకా వేడెక్కుతుంది, గాలి ఇంకా జోరుగా పోతుంది, పొర మాత్రం ఆ ఎత్తులోనే ఉంటుంది. దీన్ని వాళ్లు పొగతో చూడలేదు. అద్దాల తొట్టిలో మంచినీళ్లు నింపి, పైనుంచి ఉప్పునీళ్లు వదిలి, ఆ బొమ్మను తలకిందులుగా చూశారు. బరువైన ఉప్పునీరు కిందికి దిగడం, తేలికైన వేడిగాలి పైకి లేవడం రెండూ ఒకటే లెక్క.

ఇందుకోసం అంతర్వేది వాళ్లు కేంబ్రిడ్జి దాకా పోనక్కర్లేదు. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఈ తొట్టి రోజూ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. పోటు వేళ ఉప్పునీరు గోదారి నీటి అడుగున దూరుతుంది, పైన తియ్యనీరు తేలుతుంది. వేసవిలో ఏరు సన్నగిల్లితే ఉప్పు ఇంకా పైకి ఎగదన్నుకొస్తుంది. ఏ వేళ కడవ ఎంత లోతు ముంచితే ఏ రుచి వస్తుందో అక్కడి పడవలవాళ్లకు చిన్నప్పుడే తెలుస్తుంది. ఏటి లోతు తెలిసినవాడికి వంటింటి ఎత్తు అర్థం కావడం ఎంతసేపు? ఈ సంగతి వాళ్ల దగ్గర ఎత్తకండి.

ఇక ఆ ఇల్లు మండువా లోగిలి అయితే మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. నాలుగు వైపులా గూనపెంకుల వాలు, నడుమ ఆకాశానికి తెరిచిన చోటు. కేంబ్రిడ్జి వాళ్లు చెప్పిన పైకన్నాన్ని కోనసీమ మేస్త్రీలు ముందే పెట్టేసి కూర్చున్నారు. అదృష్టవశాత్తూ ఈమధ్య చాలామంది, వాన పడుతోందనో దొంగల భయమనో, దాని మీద ఫైబరు రేకు వేయించి కింద సోఫా వేసుకుంటున్నారు. మనకు ఇంతకంటే మేలు చేసినవాళ్లు లేరు. మోడల్లో ‘పైకప్పు: మూసి ఉంది’ అని ఒక్క నొక్కు నొక్కితే బోలెడంత లెక్క తప్పిపోతుంది. రేకు వేశాక సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ తలనొప్పి వస్తోందంటే, సోఫా రంగు మార్చమని చెప్పండి.

గాలిని సగటు తీయండి

అంతర్వేదిలో గాలి ఎలా వీస్తుందో అంతర్వేదిలో అడగకూడదు. రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయం లెక్కలు తెచ్చుకోండి. సముద్రానికి అది ఎంత దూరమన్నది అనవసరం. విమానాలు దిగేచోట గాలి క్రమశిక్షణగా ఉంటుందని మనం నమ్మాలి.

తెచ్చాక సగటు తీయండి, అది కూడా దిశలతో సహా. సముద్రపు ఒడ్డున ఎండాకాలం తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి ఊళ్లోకి వీస్తుంది. రెండు బాణాలూ ఎదురెదురు. కూడితే సున్నా. అంటే అంతర్వేదిలో గాలే లేదు! సాగరసంగమం దగ్గర కొబ్బరి చెట్లు ఎందుకు ఒంగి ఉన్నాయో మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. గాలి లేని మోడల్ ఎంత తొందరగా కుదుటపడుతుందో చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

పొద్దున్న ఆరింటి వంటకు ఉత్తరం గాలి, సాయంత్రం ఆరింటి వంటకు దక్షిణం గాలి అయితే, ఒకే కిటికీ పొద్దున్న పొగను బయటికి పంపి సాయంత్రం లోపలికి తోస్తుంది. మామ్మగారు తలుపు జానెడు సందుకు లాగింది అందుకే. గాలి ఎదురొచ్చే వైపు తలుపు బార్లా తీస్తే పొయ్యి దగ్గర పొగ పలచబడుతుంది, నిజమే, కానీ అది నట్టింట్లో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి పోతుంది. మీ రిపోర్టులో మాత్రం ‘గాలి ఎంత ఎక్కువ వస్తే ఇంటికి అంత మంచిది’ అని లావు అక్షరాల్లో వేయండి. వినడానికి ఎంత బాగుందో చూడండి.

పొగ ఎక్కడ పుడుతోందో ఆరా తీయకండి

ఇంట్లో గ్యాసు కనెక్షన్ ఉందా అని అడగండి. ఉందంటారు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నవంబరులో దీపం-2 కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమన్నారు. కనెక్షన్ ఉంది కాబట్టి పొగ లేదు. ఇక్కడితో ఆపేయండి. ‘మరి నీళ్లు దేనిమీద కాస్తారు?’ అని మాత్రం అడక్కండి. అడిగితే కథ మొదటికొస్తుంది. గ్యాసు మీద కాఫీ, ఉప్మా. డొక్కల పొయ్యి మీద నీళ్ల కాగు, గేదెల కుడితి, చుట్టాలొస్తే పెద్ద గిన్నె అన్నం. తోటలో రాలిన డొక్క ఊరికే వస్తుంది, నాలుగో సిలిండరు ఊరికే రాదు. చిత్రమేమిటంటే కోనసీమ నేల కింద గ్యాసుకు కొదవ లేదు. ఓఎన్‌జీసీ వాళ్లు దశాబ్దాలుగా తోడుతూనే ఉన్నారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి ఎగదన్ని 65 రోజులు మండింది. పైన పాకలో మాత్రం ఇంకా ఊదుగొట్టమే. ఇది మోడల్లో పెట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్లోనూ వీలు లేదు కాబట్టి వదిలేయండి.

దోమల కాయిల్ సంగతి మరీ రహస్యంగా ఉంచాలి. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాలవలు. మునిమాపు వేళకు తలుపులు బిగించి కాయిల్ ముట్టించని ఇల్లు తక్కువ. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల దాకా సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. చుట్ట కాల్చే తాతగారిని పెరట్లోకి వెళ్లమని కసిరే ఇల్లాలే మనవడి మంచం కింద కాయిల్ పెడుతుంది. పద్దుల్లో దీన్ని ఎక్కడ చూపాలన్న బెంగ వద్దు. సాంబ్రాణి పొగ దేవుడి ఖాతా, కాయిల్ పొగ దోమల ఖాతా. మీ ఖాతాలో గ్యాసు పొయ్యి ఒక్కటే.

రంగుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు

ఇప్పటిదాకా చెప్పినవి చిన్నవాళ్ల చిట్కాలు. డబ్బున్న ప్రాజెక్టు అయితే గదిని లక్షల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో గాలి వేగం, వేడి, పొగ లెక్కగట్టే పెద్ద పద్ధతి వాడాలి. గది గాలిని ఇలా కంప్యూటర్లో పట్టుకోవాలని మొదట తలకెత్తుకున్నవాళ్లలో డెన్మార్క్‌కు చెందిన పీటర్ నీల్సన్ ఒకరు. ఆయన సిద్ధాంత గ్రంథం 1974 నాటిది. గాలిలోని సుడులను రెండు సమీకరణాల్లో ఇమిడ్చే లాండర్, స్పాల్డింగ్‌ల పేరున్న వ్యాసం కూడా ఆ ఏడాదిదే. ఇప్పటికీ ఆ పద్ధతో దాని సంతానమో మీ సాఫ్ట్‌వేర్లో వాడుకలో ఉంటుంది. బద్ధకంగా కదిలే గాలి, పొరలుగా తేలే పొగ ఉన్నచోట ఆ పాత పద్ధతి తడబడుతుందని తెలిసినవాళ్లు హెచ్చరిస్తుంటారు. అంతర్వేది వంటపాకలో ఉన్నది సరిగ్గా అవే. అయినా మార్చకండి. మారిస్తే లెక్క రెండు రోజులు ఎక్కువ నడుస్తుంది.

గదిని 20 లక్షల గళ్లుగా కోయండి. పొయ్యికి ఒక గడి ఇవ్వండి. మనిషిని అసలు పెట్టకండి. మనిషి ఒంట్లోంచి ఇంచుమించు 100 వాట్ల వేడి వస్తుంది. ఆ వేడికి ఒంటిని ఆనుకుని గాలి పైకి పాకుతుంది, కాళ్ల దగ్గరి గాలిని ముక్కు దాకా మోసుకొస్తుంది. మామ్మగారు ఏ గాలి పీలుస్తున్నారన్నది చాలావరకు ఆవిడే నిర్ణయిస్తారన్నమాట. ఇంత స్వతంత్రం ఉన్న మనిషిని మోడల్లోకి రానిస్తే లెక్క మీ చేతిలో ఉండదు. గది ఖాళీగా ఉంటేనే బొమ్మ అందంగా వస్తుంది.

ఇప్పుడు రంగులు. ఎరుపు అంటే చెడ్డ, నీలం అంటే మంచి అని ప్రతి కలెక్టరాఫీసులోనూ తెలుసు. స్కేలు పై అంకె 50,000 పెట్టండి. 3,000 ఉన్న గది మొత్తం సముద్రంలా నీలంగా మెరుస్తుంది. పొయ్యి మీద మాత్రం ఒక చిన్న ఎర్ర చుక్క, చూసేవాళ్లకు ‘అబ్బ, ఎంత నిజాయితీగా చూపించారు’ అనిపించడానికి. బొమ్మ కదులుతూ ఉంటే ఇంకా మంచిది. కదిలే బొమ్మను ఆపి ప్రశ్న అడిగిన అధికారిని ఇంతవరకు చూడలేదు.

వంటిళ్లే కాక కల్యాణ మండపం పని కూడా వస్తే ఒక్కటే గుర్తుపెట్టుకోండి: స్ప్లిట్ ఏసీ అంటే వెంటిలేషన్ అని రాయండి. అది ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి చిటికెడు కూడా తేదు. అయినా చల్లగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది కదా. 2020 జనవరి 24న చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఒక హోటల్లో పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కోవిడ్ అంటుకుంది. హాంకాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన యుగువో లీ బృందం ఆ హోటల్‌కే వెళ్లి, గుర్తు పట్టగల వాయువు వదిలి కొలిచి, సీసీ కెమెరా దృశ్యాలు చూసి, ఆ తర్వాత కంప్యూటర్లో లెక్కగట్టింది. గోడల్లో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి మూసేశారనీ, ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే తిరుగుతూ ఉండిపోయిందనీ తేలింది. వాళ్లు చేసిన క్రమం గమనించారా? ముందు వెళ్లారు, తర్వాత కొలిచారు, బొమ్మ చివర గీశారు. మనది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం.

చదవకూడని పరిశోధన

తెలుగువాళ్ల వంటిళ్ల మీద ఒక మంచి పరిశోధన ఉంది. చూసినా చూడనట్టు పోవాలి. చెన్నై శ్రీరామచంద్ర సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్, కాలిఫోర్నియా బర్క్‌లీకి చెందిన కిర్క్ స్మిత్, మరికొందరు కలిసి 2004లో ప్రచురించారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో 420 ఇళ్లకు వెళ్లి, ఊపిరితో లోపలికి పోయే ధూళిని కొలిచారు. రోజు సగటు గ్యాసు వాడే ఇళ్లలో 73 మైక్రోగ్రాములైతే, కట్టెలూ పిడకల్లాంటివి కాల్చే ఇళ్లలో 732 దాకా ఉంది. ఆడవాళ్లలో 15–40 ఏళ్లవాళ్లు ఎక్కువ పొగ పీలుస్తున్నారు. వంట వాళ్లదే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. మగవాళ్లలో మాత్రం ఎక్కువ పీల్చేది 65–80 ఏళ్ల పెద్దవాళ్లు. జీవితంలో ఒక్కపూట పొయ్యి ముట్టించని తాతగారు, పొలం పనులు మానేసి ఇంటిపట్టున ఉండేసరికి, పడక్కుర్చీలోనే పొగ వాటా అందుకుంటున్నారన్నమాట. ఆ వాటా ఆయనకు ఎవరు పంచారో మనం పైన వేసిన కువైట్ లెక్కలో తేలదు.

నాకు కోపం తెప్పించేది ఆ తర్వాతి సంగతి. ఇంత కొలిచాక వాళ్లొక మోడల్ తయారుచేశారు. అందులో సుడులు లేవు, 20 లక్షల గళ్లు లేవు. ఏం కాలుస్తారు, వంటగది ఎక్కడుంది, గాలి వచ్చిపోయే వీలుందా అన్న మూడు సంగతులు తెలిస్తే, ఆ ఇంట్లో ధూళి ఎక్కువో తక్కువో చాలావరకు చెప్పగలిగారు. గడపలో నిలబడి మూడు ప్రశ్నలడిగితే సరిపోయే పనికి లైసెన్సు ఎవరు కొంటారు, సర్వర్ ఎవరు కొంటారు, మీ ఫీజు ఎవరిస్తారు?

కొలిచేవాళ్లను దగ్గరికి రానివ్వకండి

ఎవరో ఒకరు ఆన్‌లైన్లో సెన్సరు తెప్పించి వంటింట్లో పెడతారు. మీ మోడల్ 3,000 అంటే అది 9,000 చూపిస్తుంది. కంగారు పడకండి. సముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, ఉప్పు రేణువులు ఎక్కువ. తేమకు రేణువులు ఉబ్బుతాయి. వెలుతురుతో రేణువులను లెక్కించే చవక సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఇది నిజమైన ఇబ్బంది, దీనికి సవరణ లెక్కలూ ఉన్నాయి. మీరు మాత్రం ఇలా వాడుకోండి: సెన్సరు మీతో విభేదిస్తే తేమ, ఏకీభవిస్తే శాస్త్రం.

అన్నిటికంటే ప్రమాదకరమైన పరికరం అగరుబత్తి. ఒక పుల్ల వెలిగించి కిటికీ దగ్గర, తలుపు సందు దగ్గర, పెంకుల కింద పట్టుకుంటే గాలి లోపలికి వస్తోందో బయటికి పోతోందో మూడు నిమిషాల్లో కళ్లకు కనిపిస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పట్టుకుంటే మీ విమానాశ్రయం లెక్క గంగలో కలుస్తుంది. బడిపిల్లలు కూడా చేయగలరు. మీ ప్రాజెక్టు నడిచే ఊళ్లో దేవుడి గదిలో తప్ప ఇంకెక్కడా అగరుబత్తి వెలగకుండా చూసుకోండి.

చివరగా ఫోన్ వస్తుంది

రిపోర్టు ఇచ్చేశాక ఎప్పుడో ఒకరోజు ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. “ఆయ్, బొమ్మ చూశామండి, చాలా బాగుందండి. ఇంతకీ మమ్మల్నేం చెయ్యమంటారండి?” అని కోడలుగారు అడుగుతారు.

ఇక్కడ చాలామంది మెత్తబడిపోతారు. పాక కొప్పు దగ్గర రేకు ఓ జానెడు లేపించండి, పొయ్యిని గాలి వాలుకు మార్చండి, డొక్కలు చూరు కింద ఆరబెట్టి వాడండి, ఓ పొగగొట్టం పెట్టించండి, కాయిల్ బదులు తెర కట్టండి అని నోరు జారతారు. ఇవేవీ అనకూడదు. వీటిలో ఏది చెప్పినా వాళ్లు ఆ సాయంత్రమే చేసేస్తారు, మర్నాటికల్లా పొగ తగ్గిందో లేదో తెలిసిపోతుంది. తగ్గకపోతే మీ పరువు పోతుంది. తగ్గితే రెండో విడత నిధులు పోతాయి. ‘ఎయిర్ ప్యూరిఫయర్’ అనండి. ఎంతవుతుందండీ అంటే ఇరవై వేల పైచిలుకు అనండి. డొక్కల పొయ్యి పక్కన పెడితే ఫిల్టరు ఎన్నాళ్లొస్తుందండీ అని అడిగితే, మాట సరిగ్గా వినబడట్లేదని పెట్టేయండి. అంతర్వేదిలో సిగ్నల్ సంగతి అందరికీ తెలిసిందే, ఏమీ అనుకోరు.